కంప్యూటరు మరణ వాంగ్మూలము

2023 అక్టోబరు 29వ తేదీ సాయంకాలము విజయనగరం జిల్లాలో, కంటకాపల్లి, అలమండ స్టేషన్ల నడుమ, విశాఖపట్టణమునుండి శ్రీకాకుళం జిల్లా పలాసకు పోవుచున్న పాసింజరు బండిని వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొన్నది. 14 మంది ప్రాణములు కోల్పోయిరి. వెనుక బండిని నడిపిన డ్రైవరు, అతని సహాయకుడు కూడ వారిలో ఉండిరి. ఏమి జరిగినదో తమ నోట చెప్పగలవారే పోయినపుడు విచారణ చేయువారికి యంత్రములు వ్రాసియుంచిన లెక్కలే ముఖ్యమగును. ఇంజనులోని స్పీడు రికార్డరు బండి ఏ క్షణమున ఎంత వేగముతో పోయినదో వ్రాయును. స్టేషనులోని డేటా లాగరు ఏ సిగ్నలు ఎప్పుడు ఏ రంగు చూపినదో, ఏ పట్టాల ముక్కమీద బండి ఎప్పుడున్నదో గుర్తుంచును. ఇందు గమనింపదగినది ఒకటున్నది. డేటా లాగరు సిగ్నళ్లను నడుపదు. ప్రక్కన నిలిచి చూచును, చూచినది వ్రాయును, అంతే. కనుక సిగ్నలు చెడినను వ్రాత చెడదు.

కంప్యూటరులో ఈ ఏర్పాటు చాలకాలము లేదు. అక్కడ నడుపువాడు, వ్రాయువాడు ఒక్కడే. యంత్రము కూలినపుడు, కూలుటకు కారణమేదో చెప్పవలసిన భారము కూలుచున్నవాని మీదనే పడుచుండెను. వాని మాట నమ్మవచ్చునా? అసలు వానిచేత వ్రాయింపవచ్చునా? ఆపరేటింగ్ సిస్టములను నిర్మించువారు అర్ధశతాబ్దముపాటు ఈ ప్రశ్నతో పెనగులాడిరి.

కంప్యూటరులోని సకల వ్యవహారములను అదుపులో ఉంచు ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టము. దాని నడిమి గింజ కెర్నెలు. మామూలు ప్రోగ్రాము ఏదైన తప్పు చేసినచో కెర్నెలు దానిని ఆపివేసి తక్కినవానిని యథాప్రకారము నడిపించును. తప్పు కెర్నెలులోనే జరిగినచో పైన దిక్కులేదు. అపుడది పని మానివేయును. యూనిక్సు వంశమువారు దీనిని పానిక్ అందురు. విండోసు వాడువారు నీలితెరగా ఎరుగుదురు. తప్పు జరిగిన క్షణమున ప్రాసెసరు రిజిస్టరులలో ఏ అంకెలున్నవి, స్మృతిలో, అనగా మెమరీలో, ఏ మూల ఏమి వ్రాసియున్నది, ఏ పని ఎంతవరకు వచ్చి ఆగినది అను సమాచారమంతయు అప్పటికి యంత్రములోనే ఉండును. దానిని యథాతథముగ ప్రతితీసి భద్రపరచుటయే డంపు. తరువాత నిపుణులు దానిని తీరికగ పరిశీలించి తప్పు చేసినది ఎవరో కనుగొందురు. కాని యంత్రమును తిరిగి ప్రారంభించినచో స్మృతి చెరిగిపోవును. నేటి స్మృతి సూక్ష్మమైన విద్యుత్తొట్లతో చేయబడినది. ఆ తొట్లు కారుచుండును; సాధారణముగ ప్రతి 64 మిల్లీసెకండ్లకు ఒకమారు వానిని తిరిగి నింపవలెను. కరెంటు పోయినచో కొద్ది క్షణములలో అంతయు శూన్యము.

తొలిరోజులలో ఈ చిక్కు ఇంత తీవ్రముగ లేదు. 1950 తరువాత రమారమి ఇరువది ఏండ్లు కంప్యూటరుల స్మృతి అయస్కాంతపు ఉంగరములతో అల్లబడుచుండెను. ఆవగింజవంటి ఫెరైటు ఉంగరము ఒక్కొక్కటి ఒక్కొక్క బిట్టు. 4096 పదముల స్మృతిగల 12 బిట్ల యంత్రమున ఇట్టి ఉంగరములు 49,152 ఉండును. వీనిలోనుండి సన్నని రాగితీగలను చేతితో గ్రుచ్చుచుండిరి. ఈ ఉంగరమునకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు కోరు. కరెంటు తీసివేసినను ఉంగరము తన అయస్కాంత దిశను మరువదు. కనుక యంత్రము ఆగిపోయినను స్మృతి నిలిచియుండును. ఆ స్మృతిని ఒలుకబోసి చూచుట కోర్ డంప్ అయినది. ఉంగరములు పోయి అర్ధశతాబ్దమైనను ఆ పేరు పోలేదు. ఇంట కుంపటి లేకున్నను గ్యాసు పొయ్యినే రాజేయుమనునట్లు, ఉంగరములను ఎన్నడు చూడని ఇంజనీర్లు నేటికిని కోర్ ఫైలనియే అందురు.

మన రాష్ట్రములకు ఈ విద్య దూరపుది కాదు. అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను నెలకొన్నది. ట్రాంబేలో పుట్టిన 12 బిట్ల టి.డి.సి.-12 యంత్రము 1969లో వెలువడినది. ఆ వంశమునకు చెందిన యంత్రములను హైదరాబాదు సంస్థ తయారుచేసినది.

ఆ కాలపు పెద్ద యంత్రములలో డంపు కాగితముపై అచ్చగుచుండెను. 1964లో ప్రకటింపబడిన ఐ.బి.ఎం. 360 శ్రేణి యంత్రములలో ప్రోగ్రాము అర్ధాంతరముగ ఆగినచో స్మృతిలోని అంకెలన్నియు పదునారింటి లెక్కలో, పుట తరువాత పుటగ, లైన్ ప్రింటరునుండి దిగుచుండెను. ఆ కట్టను చంకనిడుకొని పోయి, పెన్సిలుతో గీతలు గీయుచు రాత్రంతయు చదువుట ప్రోగ్రామరుల విద్యాభ్యాసములో భాగము. వ్యవస్థయే మొత్తముగ కూలినచో ఐ.బి.ఎం. వారు వేరొక ఉపాయము చేసిరి. రిజిస్టరులలోని విలువలను ఒకచోట దాచు పని యంత్రములోనే అమర్చి, ఆపైన టేపునుండి ఒక చిన్న ప్రత్యేక ప్రోగ్రామును ఎక్కించి, దానిచేత స్మృతిని ప్రతితీయించిరి. కూలిన వ్యవస్థకు ఇందు పాత్ర లేదు. వచ్చి వ్రాసికొనువాడు వేరు. ఈ సూక్ష్మమును చిన్న యంత్రముల లోకము గ్రహించుటకు చాలకాలము పట్టినది.

బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్సు తొలి రూపములలో ఏర్పాటు మిక్కిలి సాదాగ ఉండెను. యంత్రము పి.డి.పి.-11. స్మృతిలో 44 అను చిరునామాయొద్ద, ఎనిమిదింటి లెక్కలో 44, డంపు వ్రాయు చిన్న ప్రోగ్రాము ఉండెడిది. కెర్నెలు కూలినచో ఆపరేటరు ముందు పలకమీది మీటలతో ఆ సంఖ్యను అమర్చి, ప్రారంభపు మీట నొక్కవలెను. స్మృతి అంతయు అయస్కాంతపు టేపుమీదికి పోవును. ఇందు తమాషా ఏమనగా, ఏ లోపము ఎదురైనను ఆ ప్రోగ్రాము దానిని స్మృతి ముగిసినదనుటకు గుర్తుగ తీసికొని ఆగిపోవును. అందుచే టేపు చుట్టకు వ్రాతను అనుమతించు ఉంగరము తొడిగినదీ లేనిదీ, టేపు శుభ్రముగ నున్నదీ లేనిదీ ముందుగనే చూచుకొనవలెనని చేతిపుస్తకము హెచ్చరించుచుండెను. లోపములకు జవాబు చెప్పుటకు కూలిన యంత్రమున ఎవరున్నారు? ఎంత తక్కువ చేసిన అంత మేలని నాటివారు తలచిరి. ఆ తలపు సరియైనదే.

టేపులు పోయి డిస్కులు వచ్చినపుడు సమస్య ముదిరినది. టేపు ఖాళీది, దానిమీద ఏమి వ్రాసినను నష్టము లేదు. డిస్కుమీద జనుల సొమ్మున్నది. బ్యాంకు ఖాతాలు, విద్యార్థుల మార్కులు, ఆస్పత్రి చీటీలు అన్నియు అచ్చటనే. డిస్కుమీద ఫైలు వ్రాయుట పైకి తోచునంత సులభమైన పనికాదు. ఏ గళ్లు ఖాళీగ నున్నవో తెలుపు పట్టికను చూడవలెను. క్రొత్త గళ్లను కేటాయింపవలెను. డిస్కు డ్రైవరును పిలువవలెను. పని ముగిసినదని డిస్కు చెప్పువరకు వేచియుండవలెను. ఈ పట్టికలన్నియు కెర్నెలు స్మృతిలోనే ఉండును. కెర్నెలు కూలినదే స్మృతి చెడుటవలన అయినచో? ఖాళీ గడి అనుకొని నిండు గడిమీద వ్రాసిన ఒక్క వ్రాతతో ఎవరి పద్దులో తుడిచిపెట్టుకొని పోవును. ఇంకొక చిక్కు: అనేక ప్రాసెసరులున్న యంత్రమున ఒకటి డిస్కు తాళమును పట్టుకొని ఆగిపోయినచో, ఆ తాళముకొరకు రెండవది ఎన్నటికిని ఎదురుచూచుచునే యుండును. డంపు పోయినచో ఒక కారణము తెలియక పోవును. దత్తాంశము పోయినచో మనుష్యుల బ్రతుకులు తారుమారగును. రెంటిలో ఏది చిన్న నష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్సువారు 1980 ప్రాంతమున దీనికొక చక్కని మార్గము చూపిరి. స్మృతి చాలనపుడు తాత్కాలికముగ వాడుకొనుటకు డిస్కుమీద స్వాపు అను భాగమును విడిచియుంచుట వాడుక. అందు ఫైళ్లు లేవు, పట్టికలు లేవు, నిలువయుంచదగినదేదియు లేదు. కూలుచున్న కెర్నెలు ఫైళ్ల జోలికి పోక, సూటిగ ఆ భాగములోనికి స్మృతిని కుమ్మరించును. అదియు మొదటినుండి కాదు, చివరి కొసకు ఆనించి వ్రాయును. యంత్రము తిరిగి లేచునపుడు స్వాపును మొదటినుండి వాడుట ప్రారంభించినను కొసనున్న డంపుకు వెంటనే ముప్పురాదని దీని భావము. లేచిన తరువాత సేవ్‌కోర్ అను ప్రోగ్రాము, ఇప్పుడు ఆరోగ్యముగ నున్న కెర్నెలు సాయముతో, ఆ డంపును మామూలు ఫైలుగ భద్రపరచును. డిస్కులో ఇంత ఖాళీ మిగిలియుండవలెనని నియమము పెట్టి, అంతకు తగ్గునట్లున్నచో డంపునే వదలివేయు ఏర్పాటు కూడ ఇందు చేసిరి. స్వాపు భాగము స్మృతికంటె తక్కువ ఉండరాదని నాటి ఆపరేటరులు పట్టుబట్టుటకు ఒక కారణమిదియే.

1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. వంశపు వ్యవస్థలు ఇదే మార్గమును మరికొంత జాగ్రత్తతో నడచినవి. కోర్టులలో మరణ వాంగ్మూలము తీసికొనునపుడు రోగికి స్పృహ ఉన్నదని, మనస్సు స్థిరముగ నున్నదని డాక్టరుచేత వ్రాయించు వాడుక మనకు తెలిసినదే. విండోసు నిర్మాతలు ఆ డాక్టరును కూడ తెచ్చిరి. యంత్రము ఆరోగ్యముగ నున్నపుడే పేజింగ్ ఫైలు డిస్కుమీద ఏయే గళ్లలో నున్నదో పటము గీసియుంతురు. డిస్కు డ్రైవరుకు ప్రత్యేకముగ ఒక నకలు ఎక్కించి, మామూలు పనులకు వాడక ప్రక్కనుంతురు. వీనికి మొత్తపు లెక్క, చెక్‌సమ్, కట్టియుంతురు. కూలిన క్షణమున ఆ లెక్కను మరల వేసి చూతురు. సరిపోయినచో వ్రాత సాగును. సరిపోనిచో ఒక్క అక్షరము వ్రాయక యంత్రము ఆగిపోవును. 2000 సంవత్సరపు విండోసులో మొత్తము స్మృతికి బదులు కెర్నెలు భాగము మాత్రమో, కేవలము 64 కిలోబైట్ల చిన్న డంపో తీయు వీలు కల్పించిరి. ఇంటింటి కంప్యూటరులకు ఈ చిన్న డంపే చాలినది.

లైనక్సులో ఈ కథ మరి కొంత వాదోపవాదములతో నడచినది. 1999లో సిలికాన్ గ్రాఫిక్సు సంస్థవారు లైనక్సుకు డంపు విధానమొకటి తయారుచేసిరి. కూలిన కెర్నెలే తన డ్రైవరులతో డిస్కుమీద వ్రాయుట దాని పద్ధతి. లైనసు టోర్వాల్డ్సు దానిని ప్రధాన కెర్నెలులో చేర్చుకొనలేదు. రెడ్‌హాట్ సంస్థవారు డిస్కును విడిచి, నెట్‌వర్కు తీగద్వారా డంపును వేరొక యంత్రమునకు పంపు పద్ధతి తెచ్చిరి. డిస్కుకు ముప్పు తగ్గినది. కాని నెట్‌వర్కు కార్డును నడుపవలసినది మరల ఆ కూలిన కెర్నెలే. ఎన్ని విధముల మార్చినను కూలినవాని చేతిలోనే కలమున్నది.

ముడి విప్పినది అసలు డంపుకొరకు పుట్టని ఒక ఉపాయము. ఎరిక్ బీడర్మన్ అను ప్రోగ్రామరు యంత్రమును ఆపి తిరిగి లేపునపుడు జరుగు కాలహరణమును తప్పించుటకు కెక్సెక్ అను దానిని వ్రాసెను. నడుచుచున్న ఒక కెర్నెలునుండి నేరుగ మరియొక కెర్నెలులోనికి దూకుటయే అది. నడుమ ఫర్మువేరు పరీక్షలు లేవు, స్మృతి చెరుగుటయు లేదు. భారతదేశమున ఐ.బి.ఎం.లో పనిచేయుచుండిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ అనువారు బీడర్మన్‌తో కలిసి దీనిపై కట్టిన విధానమే కెడంప్. 2005 జూలైలో కెనడాలోని ఒట్టావాలో జరిగిన లైనక్సు సదస్సులో ముగ్గురి పేర ఆ పత్రము వెలువడినది. ఆ ఆగస్టులోనే 2.6.13 కెర్నెలులో కెక్సెక్, కెడంప్ రెండును చేరినవి. పవర్ పి.సి. ప్రాసెసరులకు ఈ పనిని సంతరించిన కెర్నెలు ఫైలు శిరోభాగమున 2005 అను సంవత్సరము, నిర్మాతగ హరేన్ మైనేని పేరు కనిపించును.

పద్ధతి ఇది. యంత్రము లేచునపుడే స్మృతిలో ఒక ముక్కను వేరుచేసి కంచె వేయుదురు. తొలిదినములలో 64 మెగాబైట్లు దీనికి చాలుచుండెను. అందులో రెండవ కెర్నెలును, కొద్దిపాటి పనిముట్లను ముందుగనే నింపి నిద్రపుత్తురు. మొదటి కెర్నెలు ఆ భాగమును ఎన్నడును దేనికిని వాడదు. డిస్కు, నెట్‌వర్కు పరికరములు ప్రాసెసరు ప్రమేయము లేకయే స్మృతిలో వ్రాయగలవు. మొదటి కెర్నెలు కూలిన తరువాత కూడ అవి తమకు అప్పగించిన చోట వ్రాయుచునే యుండును. ఆ చోటులేవియు కంచెలోపల లేవు గనుక రెండవ కెర్నెలుకు అపాయము లేదు. పానిక్ సంభవించినపుడు కూలిన కెర్నెలు చేయవలసినది అత్యల్పము: తక్కిన ప్రాసెసరులను ఆపుట, రిజిస్టరులను ఒకచోట వ్రాయుట, దూకుట. దూకు దారిలో చిన్న కాపలా ప్రోగ్రామొకటి రెండవ కెర్నెలు ముద్రను సరిచూచును. ముద్ర చెదరలేదన్నచో రెండవ కెర్నెలు మేల్కొని, కంచె బయటనున్న పాతస్మృతినంతటిని ఒక ఫైలువలె చూడగలుగును. ఇప్పుడు వ్రాయువాడు ఆరోగ్యవంతుడు. వాని పట్టికలు వానివి, వాని డ్రైవరులు వానివి. డిస్కుమీద కాని, నెట్‌వర్కుమీద కాని, కావలసినచోట నిర్భయముగ వ్రాయవచ్చును. రోగి ప్రక్కనే మేజిస్ట్రేటును కూర్చుండబెట్టినట్లయినది.

ఇందు లోపములు లేకపోలేదు. పరికరములను మొదటి కెర్నెలు ఏ అవస్థలో విడిచిపోయినదో ఆ అవస్థలోనే రెండవది అందుకొనవలెను. సగము పనిలోనున్న డిస్కు కంట్రోలరును గద్దించి దారికి తెచ్చుట ఎల్ల డ్రైవరులకు చేతనగు పనికాదు. కంచెలోని స్మృతి చాలక రెండవ కెర్నెలే ఊపిరాడక పోవుటయు కలదు. కంచె పెంచినచో ఎన్నడో రాబోవు ప్రమాదముకొరకు నిత్యము అంత స్మృతి వృథాగ పడియుండును. యజమానులు దీనికి ఊరకే ఒప్పుకొనరు. పవర్ యంత్రములలో ఫర్మువేరే పాతస్మృతిని కాపాడుచు యంత్రమును శుభ్రముగ తిరిగి లేపు పద్ధతిని 2012లో లైనక్సులో చేర్చిరి. పాత ఐ.బి.ఎం. పెద్ద యంత్రముల ఉపాయమునకు ఇది దగ్గరి చుట్టము.

పరిమాణము మరొక సమస్య. పి.డి.పి.-11 స్మృతి కిలోబైట్లలో లెక్క. నేటి సర్వరులో ఒక టెరాబైటు స్మృతి ఉండుట వింతకాదు. సెకండుకు 500 మెగాబైట్లు వ్రాయు డిస్కుమీదికి దానిని కుమ్మరించుటకు 2000 సెకండ్లు, అనగా అరగంట దాటును. అంతవరకు యంత్రము మూతబడియుండవలెను. అందుచే రెండవ కెర్నెలులోని జల్లెడ ప్రోగ్రాము సున్నలతో నిండిన పుటలను, ఖాళీ పుటలను, డిస్కులో ఎటులను ఉన్నవాని నకళ్లను, వినియోగదారుల పుటలను ఏరివేసి, మిగిలినదానిని నొక్కి చిన్నది చేయును. తూర్పారబట్టిన ధాన్యమువలె కెర్నెలుకు సంబంధించిన గింజ మాత్రము మిగులును.

స్మృతినంతయు వదలి, కూలుటకు ముందు కెర్నెలు పలికిన చివరి పంక్తులను మాత్రము కరెంటు పోయినను చెరగని చిన్న చోట దాచు ఏర్పాటు 2011లో లైనక్సులో చేరినది. తగు చోటుగ మదర్ బోర్డుమీది యు.ఇ.ఎఫ్.ఐ. నిలువను ఎంచుకొనిరి. ఇందును అపాయము పొంచియుండెను. కొన్ని సాంసంగ్ లాప్‌టాపులలో ఆ నిలువ సగమునకు మించి నిండినచో యంత్రము మరల లేవనే లేవదని 2013లో బయటపడినది. అపుడు సగము దాటకుండ కెర్నెలులో కట్టడి చేసిరి. డిస్కును తప్పించుకొన్నను వ్రాత వలని ముప్పు తప్పలేదు.

డంపుల ప్రయోజనము సామాన్య జనులకు తెలిసిన సందర్భము 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్టువేరు పంపిన ఒక తాజా ఫైలువలన ప్రపంచమంతట విండోసు యంత్రములు నీలితెర పట్టినవి. వాని సంఖ్య 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. వచ్చిచేరిన డంపులను పరిశీలించి, ఆ సంస్థ డ్రైవరు తనకు చెందని చోట స్మృతిని చదువబోయినదని మైక్రోసాఫ్ట్ ఎనిమిది దినములలో ప్రకటించినది. 20 విలువలు మాత్రమే అందగా 21వ దానిని చదువబోవుటే మూలమని ఆగస్టులో క్రౌడ్‌స్ట్రైక్ తన నివేదికలో తెలిపినది.

డంపులో స్మృతి యథాతథముగ నుండును గనుక అందు సంకేతపదములు, రహస్యపు తాళపుచెవులు కూడ ఉండవచ్చును. 2023లో కొందరు దొంగలు మైక్రోసాఫ్ట్ తాళపుచెవి నొకదానిని సంపాదించి అమెరికా ప్రభుత్వాధికారుల ఈమెయిళ్లు చదివిరి. 2021 ఏప్రిల్‌లో కూలిన యొక యంత్రపు డంపులో ఆ తాళపుచెవి చిక్కుకొని బయటికి పొక్కియుండునని ఆ సంస్థ 2023 సెప్టెంబరులో వివరించినది. 2024 మార్చిలో ఆ వివరణను సవరించుచు, తాళపుచెవి ఉన్న డంపేదియు తమకు దొరకలేదని వ్రాసినది.